ఓడలో ఉందని చెప్పిన పార్సెల్

ఐదేళ్లుగా ఈ మాట నాలోనే దాచుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి నాకు మనుషులెక్కడున్నారు కనుక? నన్నెరగని మీకు చెబుతున్నాను.

భార్యతో విడిపోయాక ఈ పరాయి దేశంలో, సెంగ్‌కాంగ్ ఫ్లాట్‌లో ఒక్కణ్నే మిగిలాను. ఆఫీసు నుంచి వచ్చాక నోరు విప్పే పనే ఉండేది కాదు. అప్పుడు గుడిలో ఒక అంకుల్ పరిచయమయ్యాడు. మలేసియాలో పుట్టిన తెలుగాయన. జురాంగ్ వెస్ట్ దగ్గర షెడ్డులో మెకానిక్‌గా బతుకంతా గడిపాడు. మిగిలింది ఒకటే కోరిక. తన పాత అమెరికన్ మజిల్ కారును బాగుచేసి, ఒక్కసారైనా తన చేతులతో నడపాలి. పొడవాటి ముక్కు, రెండే తలుపులు, ఒళ్లంతా తుప్పు. ఆదివారాలు సాయం రమ్మన్నాడు. నాకు స్పానర్ పట్టుకోవడం కూడా రాదు. అయినా వెళ్లాను.

రెండేళ్లు తుప్పు గీకాం. మధ్యాహ్నం భోజనానికి హాకర్ సెంటర్‌లో ఆయన ముందే వెళ్లి, టిష్యూ ప్యాకెట్ పెట్టి నాకు సీటు చోప్ చేసేవాడు. నాకోసం ఒక మనిషి చోటు పట్టి ఎదురుచూడటం! నవ్వకండి, వారమంతా దాని కోసమే బతికేవాణ్ని.

చివరికి ఇంజను మోగింది. ఇక కొత్త బ్రేకు సిలిండర్ ఒక్కటి పడితే కారు రోడ్డెక్కుతుంది. నెట్‌లో విదేశం నుంచి తెప్పించడం నా పని. మూడు వారాలకే అది మా ఇంటికి వచ్చింది. పెట్టె విప్పకుండా స్టోర్‌రూమ్‌లో బియ్యం బస్తా వెనక్కి నెట్టాను.

ఎందుకు? కారు పూర్తయితే ఆయనకు నాతో పనేముంటుంది? ఇంకొక్క ఆదివారం అనుకున్నాను. ఆ ఒక్కటి ఎనిమిది నెలలు సాగింది. ఆయన కళ్లకు నీటికాసులని, చూపు రోజురోజుకీ తగ్గుతోందని నాకు తెలియదా? మధ్యాహ్నం చుక్కలు వేసింది నేనే కదా.

"పార్సెల్ వచ్చిందేటి బాబూ?"

"ఇంకా ఓడలోనే ఉందట అంకుల్."

"ఓడని నువ్వు తొయ్యగలవేటి? పెలాన్ పెలాన్ లా, తొందరేటి? వచ్చినప్పుడే వస్తాది." నవ్వి, తన చేప ముక్క నా ప్లేటులో వేశాడు. తిన్నాను.

ఆ తర్వాత లైసెన్సు కోసం కళ్లు చూపించుకుంటే, ఇక కారు నడపకూడదని డాక్టరు చెప్పేశాడు. ఆ మరుసటి ఆదివారమే నేను పెట్టె పట్టుకెళ్లాను. దాని మీది తేదీ ఆయన చదవలేడన్న ధైర్యంతోనే తీసుకెళ్లాను.

సిలిండర్‌ను చేత్తో తడుముకుంటూ ఆయనే బిగించాడు. తాళం నాకిచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ఎర్రలైటు పడ్డ ప్రతిచోటా ఆయన కుడికాలు ఖాళీ నేలను గట్టిగా తొక్కింది.

ఇప్పటికీ నెలకోసారి ఆయన్ను తిప్పుతాను. కన్నకొడుకుకైనా ఇంత ఓపిక ఉండదని అందరికీ నన్ను చూపిస్తాడు. నేను తల వంచుకుంటాను. వినయమనుకుంటారు.

నిజం చెబితే క్షమిస్తాడేమో. మళ్లీ రావద్దంటాడేమో. చూశారా, ఇప్పటికీ నా భయమంతా నా గురించే. ఓడ లేదు, ఆలస్యం లేదు. ఆయన కారును ఆయన నడపకుండా చేసింది నేను. ఈ వాక్యం రాయడానికి ఐదేళ్లు పట్టింది. ఊపిరి కాస్త ఆడుతోంది.