తాళం తీసినా దిగే అద్దం

ధౌలా కువా దగ్గర నేనెక్కిన ఆటో మొండికేసింది. అశోకా రోడ్డులో ఆంధ్రా భోజనం చేద్దామని ద్వారక నుంచి బయల్దేరినవాణ్ణి. ఆకలి మీద ఆ ఆటోని అచ్చతెలుగులో తిడుతుంటే పక్కనే ఓ పాత ఇంపాలా కారు వచ్చి నిలిచింది. ముందు ఇంజను ఆగింది. తర్వాత తాళంచెవి పట్టుకున్న చెయ్యొకటి అద్దం వెనక ఊగింది. ఆ తర్వాత, నింపాదిగా, అద్దం దిగింది.

“చూశారా? తాళం నా చేతిలో ఉంది. అయినా అద్దం దిగింది!” అన్నారు లోపలి పెద్దమనిషి.

పేరడగలేదు, ఊరడగలేదు. రామమోహనరావుగారితో ఎవరి పరిచయమైనా ఇలాగే మొదలవుతుంది. తాళం తీసేశాక కూడా అద్దాలు దిగే కారు తనకుందని ఢిల్లీలో ప్రతి ప్రాణికీ తెలియాలన్నదే ఆయన పిచ్చి. ఇద్దరం ఒకే సొసైటీలో ఉంటున్నామని తెలిశాక ఇక నాకు విముక్తి లేకపోయింది.

ఆ ఇంపాలా ఏదో రాయబార కార్యాలయం వేలంలో వదిలించుకున్న బండి. మలుపు తిరిగితే ముందు చక్రాలు ఒక సెక్టారులో, వెనక చక్రాలు ఇంకో సెక్టారులో ఉంటాయి. స్విచ్ నొక్కితే దిగే అద్దాలు దానికి పుట్టుకతోనే ఉన్నాయిగానీ, తాళం తిప్పి ఉంచితేనే కదిలేవి. రావుగారు బ్యాటరీ నుంచి నేరుగా ఓ వైరు లాగించి, మధ్యలో ఫ్యూజు పెట్టించారు. పిల్లలెక్కితే చేతులు నలక్కుండా ఆపడానికి సీటు కింద మీట కూడా ఉంది.

“అన్నయ్యగారూ, కాఫీ ఇక్కడే తాగెయ్యండి. కిందికెళ్తే అద్దాలన్నీ ఎక్కించి దించేసరికి చల్లారిపోతుంది” అని ఆయన భార్య ఉమగారు వచ్చినవాళ్ళని ముందే హెచ్చరించేవారు.

నేనూ దేశమంతా తిరిగి చాలా కిటికీలే చూశాను. ప్యాసింజరు రైలు కిటికీ నా వేలు నలిపింది. ఓ కొండ మీద సత్రం కిటికీలోంచి కోతి నా పుస్తకం పట్టుకుపోయింది. సగమే చదివాను, ముగింపు ఆ కోతికే తెలియాలి. కానీ కిటికీ గురించి గంటసేపు మాట్లాడే మనిషిని ఈయన్ని తప్ప చూడలేదు.

ఈ ప్రదర్శనలకి బ్యాటరీ ఎప్పుడూ నీరసించేది. ఛార్జింగు పెట్టే మూలదాకా బండిని తొయ్యని మనిషి మా సొసైటీలో లేడు. ఓసారి అధ్యక్షులు రామమూర్తిగారు పంచె ఎగ్గట్టి తోస్తూ అడిగారు.

“అద్దాలు దిగుతున్నాయి, సంతోషం. బండి కదలదేమండీ?”

“కదలడానికేముందండీ, అన్ని బళ్ళూ కదుల్తాయి!”

రావుగారికున్న కోరికల్లా పాతకార్ల పోటీలో కప్పు. దానికోసం షోకేసులో ఓ అర ఖాళీగా ఉంచారు. ఏటా చివరిదాకా వెళ్ళి తప్పిపోయేది. ఈసారి నన్నూ, పై ఫ్లాటు గౌరినీ వెంటబెట్టుకుని వెళ్ళారు. గౌరి స్కూల్లో లెక్కల టీచరు. వెనక సీటులో కిటికీ పక్కన కూర్చుంది.

న్యాయనిర్ణేత పృథ్వీరాజ్ బండంతా చూసి మీసం దువ్వుకున్నాడు. “రావ్ సాబ్, గాడీ ఏ వన్. లేకిన్ యే తార్ ఒరిజినల్ నహీ హై. అభీ నికాల్ దీజియే, కప్ ఆప్‌కా.”

రావుగారు వెనక సీటు వైపోసారి చూశారు. “తార్ రహేగా జీ” అన్నారు, వైరు ఉండాల్సిందేనని.

నాకు ఒళ్ళు మండింది. “మతి పోయిందా మీకు? వైరిప్పుడు పీకేసి, కప్పు పుచ్చుకుని, రేపు మళ్ళీ తగిలించుకోండి!”

“ఇంటికెళ్ళేది ఇవాళ కదండీ” అని బానెట్టు తుడవడానికి పోయారు.

నేను వెనక సీట్లో కూలబడి ఆయన్ని తిట్టడం మొదలుపెట్టాను. గౌరి ఆపింది.

“అంకుల్ని ఏమనకుండ్రి. ఆ వైరు నా కోసమే. లిఫ్టుల చిక్కుకున్నప్పటి సంది మూసినదేదైనా నాకు గుండెదడ. మెట్రో బంద్, అద్దం దిగని కారు బంద్. ఓసారి ఈయన నన్ను స్కూలుకు దింపుతూ పెట్రోలుకు ఆపి తాళం తీసిండు. అద్దం దిగలే. తలుపున్న సంగతి గూడ యాదికి రాలే, కేకలు పెట్టిన. మర్నాడే వైరు లాగించిండు.”

“సరేనమ్మా, మరి ఊరంతా ఈ టాంటాం దేనికి?”

“‘ఇట్ల టాంటాం కొడితే అందరూ నన్ను చూసి నవ్వుకుంటరు గానీ, ఆ వైరెవరి కోసమని ఎవ్వరూ అడగరమ్మా’ అన్నడు అంకుల్.”



ఇంతలో గాలి లేచి మైదానమంతా దుమ్ము రేగింది. గౌరి స్విచ్ మీద వేలుంచింది. ఎప్పుడూ నాలుగు వేళ్ళ సందు వదిలే మనిషి, ఈసారి వేలు తియ్యలేదు. అద్దం చివరిదాకా ఎక్కి, టక్కున మూసుకుంది. గౌరి ఒక్క క్షణం ఊపిరి బిగపట్టి, మెల్లగా వదిలింది.

“దుమ్ము బాగ లేచింది గదా” అంది, ఏమీ జరగనట్టు.

బయట గుడ్డ పట్టుకున్న రావుగారు ఆ అద్దాన్నే చూస్తున్నారు. ఉపన్యాసమేదో వస్తుందని నేను చెవులు సిద్ధం చేసుకున్నాను. రాలేదు. ఆయన తాళం జేబులో వేసుకుని, వస్తానని కూడా చెప్పకుండా, చేతులు వెనక్కి కట్టుకుని, కప్పు గెలిచినవాడి నడకతో ఆ దుమ్ములోకి వెళ్ళిపోయారు.