కరెంటు పోయినా ఆగని వాక్యం

నిన్న పొద్దున ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కుతుంటే చర్చి వాట్సాప్ గ్రూపులో మెసేజ్. సుగుణమ్మ గారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారని.

నేను నమ్మలేదు.

ఆ గ్రూపుని నేను అంత తేలిగ్గా నమ్మను. ఆస్పత్రిలో కుట్లు విప్పించుకుంటున్న మనిషికి కూడా ఒకసారి ఫొటోకి దండ వేసి పెట్టేశారు.

అందుకే ఆమె భర్త, మా పెదనాన్నకి ఫోన్ చేశాను.

"అవునురా. పొద్దుగాల లేపితే లేవలే."

అంతే అన్నారు. అక్కడే మెట్ల మధ్యలో వెనక్కి తిరిగాను. వెనక వచ్చేవాళ్లు విసుక్కుంటూ పక్కనుంచి పోయారు.

సుగుణమ్మ మా అమ్మకి అక్క. ఇల్లు నాచారంలో. మా చర్చిలో ప్రతి ఆదివారం బైబిల్ వాక్యం చదివేది ఆమే.

నాకు అన్నిటి మీదా అనుమానమే. పాల ప్యాకెట్ కొన్నా రెండు వైపులా తిప్పి డేట్ చూస్తాను. అందుకే పెద్దమ్మ నన్ను "పోలీస్ పటేల్" అని పిలిచేది.

ఆ పోలీస్ పటేల్ ఆమెని కూడా వదల్లేదు.

మా చర్చి ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. లైట్లు లేకపోతే పట్టపగలు కూడా చీకటే. రెండేళ్ల కిందట ఒక ఆదివారం పెద్దమ్మ చదువుతుండగా కరెంటు పోయింది. ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసింది. ఆవేళ చదివే భాగం కూడా వెలుగు గురించే.

పక్కవాడి ముఖం కనబడటం లేదు. అందరూ ఫోన్ టార్చ్‌ల కోసం జేబులు తడుముకుంటున్నారు.

పెద్దమ్మ మాత్రం ఆగలేదు. మైకు పోయిందని గొంతు పెంచింది, అంతే. ఒక్క మాట తడబడలేదు. మధ్యలో పేజీ తిప్పిన చప్పుడు కూడా వినబడింది.

ఇంకేముంది, చర్చంతా హల్లెలూయా. దేవుడే చీకట్లో అక్షరాలు వెలిగించాడని సాయంత్రానికి గ్రూపులో సాక్ష్యం.

నాకు ఆ పేజీ చప్పుడు దగ్గరే డౌట్ కొట్టింది.

కంఠతా వచ్చి చెప్పిందనుకుందాం. కనబడని పేజీని తిప్పడం ఎందుకు?

మర్నాడు సాయంత్రం టిఫిన్ బాక్స్ తిరిగిచ్చే వంకతో నాచారం వెళ్లాను. ఆ బాక్స్ ఆమెది కూడా కాదు, మాదే.

తలుపు తీసే ఉంది. లోపల పెదనాన్న గట్టిగా వాక్యం చదువుతున్నారు. పెద్దమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఒక్కో మాటా తిరిగి చెబుతోంది.

పెదనాన్న ఏనాడూ చర్చి లోపలికి రాలేదు. ఆమెని స్కూటర్ మీద తెచ్చి దింపి, బయట చాయ్ బండి దగ్గర కూర్చునేవారు. "చీకటిలో ఉన్న సుగుణమ్మ గారి భర్త కొరకు" అని శుక్రవారం మీటింగుల్లో ఏళ్ల తరబడి ప్రార్థన చేశాం. అలాంటి మనిషి చేతిలో వాక్యం ఏంటని గుమ్మంలోనే నిలబడిపోయాను.

పెద్దమ్మ తలెత్తింది. చూపు నా భుజం పక్కనుంచి వెళ్లిపోయింది.

"ఎవరు?"

ఎదురుగా ఉన్న నన్ను అడుగుతోంది.

"నేనే పెద్దమ్మా."

"పోలీస్ పటేలా! పట్టినవ్ గదా. రా, కూసో."

కళ్లలో నీటికాసుల జబ్బట. చూపు మెల్లగా పోతూ పోతూ అప్పటికి పూర్తిగా పోయింది. మోకాళ్ల నొప్పి అని చెప్పి చర్చిలో మా చేతులు పట్టుకుని నడిచేది ఇందుకన్నమాట. లైట్లు కూడా పోయాయని తెలియకే, ప్రతి వారంలాగే పేజీ తిప్పేసింది.

మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే ఏమైతది? నన్నొక ప్రేయర్ పాయింట్ జేసి వారం వారం నా కండ్ల కోసం ప్రార్థన వెడ్తరు. తగ్గకపోతే విశ్వాసం సాల్తలేదంటరు. సదువుడు ఇంకొకలకు ఇచ్చి, నన్ను మూలకు కూసోవెడ్తరు. నాకున్నది గదొక్కటే కదరా."

పెదనాన్నని కూడా అడిగాను, మీకు ఇదంతా నమ్మకమేనా అని.

"నా నమ్మకంతోని ఏం పనిరా? ఆమె సదవాలె, అంతే," అన్నారు.

"నేను పోయినంక ఊరంత దండోరా ఏస్కో. అప్పటిదాంక నోరు మూస్కో," అంది పెద్దమ్మ.

మూసుకున్నాను. ప్రతి ఆదివారం ఆమె చదివే ముందు కళ్లద్దాలు కొంగుతో తుడిచి మరీ పెట్టుకుంటుంటే నవ్వు ఆపుకోలేక చచ్చేవాణ్ని. ఇప్పుడది తలుచుకుంటే ఏడుపొస్తోంది.

నిన్న సాయంత్రం పాస్టర్ గారు ఇంటికొచ్చి, సమాధి దగ్గర వాక్యం ఎవరు చదువుతారని అడిగారు.

"నేను సదువుత," అన్నారు పెదనాన్న.

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చర్చి పెద్ద ఒకాయన నా చెవిలో గొణిగాడు. "ఈయనకు వాక్యం ఏం తెలుసు?"

నా అనుమానం వేరే. రేపు పెదనాన్నకి అసలు పుస్తకం తెరవాల్సిన అవసరమే ఉండదు.

పోయిరా పెద్దమ్మా. నువ్వెళ్లిన చోట చీకటే ఉండదంటారు. నాకు అదీ అనుమానమే. కానీ నీ కోసం అది నిజం కావాలి.

నీ ఆత్మ నెమ్మదిగా ఉండాలి.