ఆరడుగుల నీడ

నా చిన్నప్పుడు మా ఊళ్లో గడియారమున్న ఇల్లు ఒక్కటీ లేదు. ముద్దనూరు దాటి కొండల్లోకి పోతే వచ్చే ఊరు మాది. కొండ ఊట నుంచి దిగే సన్న కాలువే అందరి మళ్లకూ దిక్కు. ఎండాకాలంలో ఆ నీళ్లను వంతులేసి పంచే నీరుగంటి మా తాత, మా జేజినాయన. ఎండలో నిలబడి, మన నీడ కొస ఎక్కడిదాకా పడిందో గుర్తు పెట్టుకుని, మడమకు వేలు ఆనించి అడుగులతో కొలవాలి. పొద్దుటి వంతు నీడ ఆరడుగులకు తగ్గేదాకా. ఆ తర్వాత మడిలోకి నీళ్లు పోయే మడవ కట్టి పక్క మడికి తిప్పాల్సిందే.

నా ఎనిమిదో ఏట ఒక పొద్దున ఆయనకు చలిజ్వరం తగిలింది. ఆ రోజు మొదటి వంతు పక్కింటి పెద్దమ్మది. మొగుడు పోయిన మనిషి, ముగ్గురు పిల్లలు, ఉన్నదంతా ఆ రాగిమడే. కంకి పాలు పోసుకునే అదను, ఆ తడి తప్పితే గింజ పట్టదు. ఆమె తర్వాతి వంతు మాది. "నీడ ఆరడుగులైనాక మడవ తిప్పి రా పాపా" అని జేజినాయన నన్ను పంపాడు.

నా తెలివి తెల్లారినట్టే ఉంది! నీరుగంటి అడుగులంటే జేజినాయన అడుగులే అనుకున్నాను. ఆయన తోలు మెట్లు కాళ్లకు తొడుక్కుని, ఈడ్చుకుంటూ పోయి, వాటితోనే నా నీడ కొలిచాను. పొట్టిదాని నీడ, పెద్దాయన చెప్పులు. ఎండ ముదరకముందే ఆరడుగులు తేలింది. మడవ తిప్పేశాను. పెద్దమ్మ మడి సగం కూడా తడవలేదు. "అప్పుడే అయిపాయనా పాపా?" అంది గానీ, నీరుగంటి ఇంటి మాట కదా, పార భుజాన వేసుకుని ఇంటికి పోయింది.

మా వంతు కూడా అయ్యేదాకా కాలువలో ఆడుకుని ఇల్లు చేరాను. నా కాళ్లకు తన మెట్లు చూసి జేజినాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "నీడ ఎవురిదో అడుగులూ వాళ్లవే కావాల పాపా. నీకు చెప్పకుండా పంపినా, తప్పు నాదే" అన్నాడు.

సాయంత్రానికి ఊరు మా గడపలో ఉంది. "నీరుగంటే తన మడికి తిప్పుకుంటే ఇంగెవురికి చెప్పుకోవాలప్పా?" అన్నారు. ఆయన నోట నా పేరు రాలేదు. తప్పు తనదేనని, ఆ పనికి గుర్తైన నీరుగంటి కట్టె వాళ్ల ముందు పెట్టేశాడు. తలుపు చాటు నుంచి అంతా విన్నాను. నోరు విప్పడానికి భయపడ్డాను.

మళ్లీ వంతు వచ్చినప్పుడు మా నీళ్లు కూడా ఆమెకే వదిలాడు. అప్పటికే సగం పైరు తాలైపోయింది. ఆ ఏడు పెద్దమ్మ పిల్లలతో ఎర్రగుంట్ల పక్క నాపరాయి గనులకు కూలికి పోయింది. రాళ్లు మోసి మోసి నడుము వంగి తిరిగొచ్చింది.

ఏళ్లకు ఆమె మంచాన పడితే గంజి తీసుకుపోయాను. "మీ జేజినాయన శానా మంచోడు పాపా. ఆ పొద్దు నీతో ఎందుకట్ల ముందే తిప్పిచ్చినాడో నాకిప్పటికీ తెలీదు" అంది. ఆయన పోయి అప్పటికే చాలా కాలమైంది. చెప్పాల్సిన దాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. "చల్లారిపోతాంది, తాగు పెద్దమ్మా" అన్నాను.

ఆ నెలలోనే ఆమె పోయింది. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు ఏదైనా తప్పు చేసి బెదిరి నిలబడితే నేను కొట్టను, తిట్టను. ఎవరికి నష్టం చేశారో వాళ్ల దగ్గరికి అప్పటికప్పుడే పంపిస్తాను. వాళ్లు చెప్పి తిరిగొచ్చేదాకా నాకు ముద్ద దిగదు.