అక్క బాత్రూమూ, అగ్గి మేస్త్రీ

టైల్స్ మేస్త్రికి కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ వీధికంతా తెలుసు. ఎదురుగా ఉన్నప్పుడు "మేస్త్రిగారూ" అనేవాళ్ళే, ఆయన మలుపు తిరగగానే "అగ్గి మేస్త్రి" అంటారు. సిమెంటు పలచగా కలిపారని ఒకచోట, కొలత వేలెడు తప్పిందని ఇంకోచోట, "ఇంకా ఎంతసేపు పడుతుందండీ" అని అడిగినందుకు మరోచోట తాపీ విసిరికొట్టి వెళ్ళిపోయిన మనిషి ఆయన. పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు. అందుకే తిట్టుకుంటూనే మళ్ళీ ఆయన్నే పిలిచేవాళ్ళు.

ఆ బుధవారం పొద్దున ఆయన కోపానికి నిజంగానే కారణం ఉంది. పది రోజుల కిందట ఆయన అక్క తన బాత్రూమ్‌లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనైంది, శనివారం సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళొచ్చన్నారు. దాంతోపాటు డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు. మళ్ళీ ఒకసారి జారితే ఆవిడ ఇక లేచి నడవడం ఉండదు. అంటే శనివారం లోపల ఆ నున్నటి నేల పీకాలి, గరుకు టైల్స్ వెయ్యాలి, అవి ఆరాలి. పీకడానికి ఒక రోజు, వెయ్యడానికి ఒక రోజు, ఆరడానికి ఒక రోజు. ఎక్కడా పూట కూడా మిగలదు.

సరిగ్గా అప్పుడే బావ ఒక మిషను మోసుకొచ్చి అక్క ఇంటి హాలు మధ్యలో దించాడు.

బావ ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చోలేక, బావమరిదికి సాయం చేద్దామని మిషన్లు అద్దెకిచ్చే కొట్టుకి వెళ్ళి, "మీ దగ్గర ఉన్నవాటిలో పెద్దది ఇవ్వండి" అన్నాడు. కొట్టువాడు పదిహేను కిలోల బ్రేకరు ఇచ్చాడు. రోడ్లు తవ్వేవాళ్ళు రెండు చేతులా పట్టుకుని, ఒళ్ళంతా ఊగిపోతుంటే పొడుస్తారే, అది.

"ఏంటి బావా ఇది?"

"బ్రేకరు. అరగంటలో నేలంతా లేచిపోతుందట."

"లేస్తుంది. కింద ఇంటివాళ్ళ వంటింటి పైకప్పు కూడా లేస్తుంది. మనం మొదటి అంతస్తులో ఉన్నామని వాడికి చెప్పావా?"

"వాడు అడగలేదు."

"వాడు అడగడు, నువ్వు చెప్పవు! గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చావు."

బావకి రోషం వచ్చింది. "ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే. పని మొదలుపెట్టకుండానే మిషనుకి వంకలెందుకు?"

మేస్త్రి ఒంటికాలి మీద లేచాడు. "ఈ నేల కింద నీళ్ళు దిగకుండా పూత ఉంది. ఆ మూల నీళ్ళు పోయే గొట్టం ఉంది. గోడ చూస్తే సగం ఇటుక మందం. ఇది ఒక్క పోటు పొడిచిందంటే గొట్టం పగులుతుంది. గొట్టం పగిలితే వారం పని. శనివారం అక్కొస్తే ఎక్కడ స్నానం చేయిస్తావ్, నీ బస్సులోనా?"

"మరీ అంత ఎగిరిపడకు. అసలు ఆ టైల్స్..." అని బావ టక్కున ఆగిపోయాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఆయనకి తెలుసు.

"ఏంటి ఆ టైల్స్? చెప్పు!"

"ఏం లేదు. వెనక్కిచ్చేస్తాలే."

బావ ఆయాసపడుతూ బ్రేకరు మళ్ళీ మెట్లు దించుకుపోయాడు. మేస్త్రి సాయానికి వెళ్ళలేదు. కావాలనే వెళ్ళలేదు.

పనికి కూర్చుంటే మాత్రం ఆయన వేరే మనిషి. సుత్తి పిడి చివరతో ఒక్కో టైలూ తట్టి, తల వాల్చి, కళ్ళు మూసుకుని విన్నాడు. టంగుమంటే కింద గట్టిగా పట్టుకుని ఉన్నట్టు. డబ్బుమంటే డొల్ల. డొల్లవాటి మీద సుద్దతో ఇంటూ పెట్టాడు, గట్టివాటి మీద సున్నా. మిషను ఎంత పెద్దదుండాలో చెప్పేది పైనున్న టైలు కాదు, దాని కింద ఉన్నది. కిందున్నదేమిటో చెవే చెప్పాలి అన్నది ఆయన సిద్ధాంతం. ఆ ముక్క తెలియకుండా మిషన్లు అద్దెకిచ్చేవాళ్ళందరినీ పేరుపేరునా తిట్టుకుంటూ, నీళ్ళు పోయే కన్నంలో తడిగుడ్డ కుక్కాడు.

ముందు చిన్న గ్రైండరుతో గోడ అంచు వెంట, టైల్స్ సందుల వెంట కోశాడు. అలా కోస్తే ఒకదానికి తగిలిన దెబ్బ పక్కదానికి, గోడకి పాకదు. తరువాత సంచిలోంచి మూడు కిలోల హేమర్ డ్రిల్లు తీశాడు. తిరగడం ఆపేసి కొట్టడం మాత్రం ఉండేలా మీట మార్చి, మూడు వేళ్ళ వెడల్పు పలక ఉలి బిగించాడు. కళ్ళద్దాలు పెట్టుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, ఉలిని నిలబెట్టకుండా నేలకి దాదాపు పడుకోబెట్టి ఇంటూ గుర్తున్న టైలు కిందికి దూర్చాడు. నిలబెడితే పూత చిరుగుతుంది, పడుకోబెడితే టైలు లేస్తుంది. లేచింది, విరగకుండా, చెక్కు చెదరకుండా.

వెనక్కి తిప్పి చూశాడు. పలచటి ఎర్రటి మట్టి. గోళ్ళతో గీస్తే పొడి రాలింది. గదిలో ఇంకెవరూ లేకపోయినా గబుక్కున మెరుపు పైకి వచ్చేలా తిప్పి పెట్టేశాడు.

అవి గోడలకి వేసే టైల్స్. నేలకి పనికిరావు. ఇరవై రెండేళ్ళ కిందట, సొంతంగా పట్టిన మొదటి పెద్ద పనిలో మిగిలిపోతే, ఆ ఇంటివాళ్ళు తీసుకుపొమ్మన్నారు. అద్దంలా మెరుస్తున్నాయి. అక్క ఇంటికి తన చేతి కానుకగా ఉంటుందని గోడలకీ, నేలకీ అవే వేశాడు. నేలకి వెయ్యకూడదని తెలియక కాదు. తెలిసే వేశాడు. ఇంట్లో నలుగురే తిరిగే చోట ఏమవుతుందిలే అనుకున్నాడు.

వేసిన మర్నాడు అక్క కాలు పెట్టి, "నున్నగా ఉన్నాయి కదరా తమ్ముడూ, జారతాయేమో" అంది. అంతే. తాపీ బకెట్లో పడేసి మెట్లు దిగిపోయాడు. అక్కే నాలుగుసార్లు కబురు పెట్టి, చివరికి తనే వచ్చి పిలుచుకుపోయింది. తరువాత ఆ మాట మళ్ళీ రాలేదు. జారవు కాబట్టే అనలేదని ఆయన అనుకున్నాడు.

"దొంగ టైల్స్" అని పళ్ళు కొరుకుతూ రెండోది లేపాడు. మధ్యాహ్నానికి సగం నేల లేచింది. నడుం పట్టుకుని లేస్తూ గోడ వైపు చూస్తే, నడుమెత్తున, తలుపు దగ్గర మొదలై కుళాయి దాకా, అరచెయ్యి వెడల్పున ఒక పట్టీ మెరుపు లేకుండా మసగ్గా కనిపించింది. అక్కడి సందుల్లో సిమెంటు నల్లబడి అరిగి ఉంది. సబ్బు మరకేమోనని తడిగుడ్డతో రుద్దాడు. పోలేదు. "ఏ పొడి వేసి తోమిందో ఏమో, బంగారం లాంటి గోడ పాడుచేసింది" అని అక్క మీద కూడా కాసేపు కోపం తెచ్చుకున్నాడు.

సాయంత్రానికి నేల ఖాళీ అయింది. గొట్టం పగల్లేదు, పూత చిరగలేదు. బావ వచ్చి చూసి, "పర్లేదురా, కింద వాళ్ళ కప్పు ఉంది" అన్నాడు. మేస్త్రి నవ్వలేదు. గురువారం బూడిదరంగు గరుకు టైల్స్ వేశాడు. శుక్రవారమంతా తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, ఎవరినీ అడుగు పెట్టనివ్వకుండా కాపలా కాశాడు.

శనివారం అక్క వాకరు పట్టుకుని ఇంట్లోకి వచ్చింది. కూర్చోమన్నా వినకుండా ముందు బాత్రూమ్ చూస్తానంది. గుమ్మం దగ్గరికి రాగానే ఆవిడ ఎడమచెయ్యి వాకరు వదిలి, చూడకుండానే, తడుముకోకుండానే గోడ మీదికి వెళ్ళింది. సరిగ్గా ఆ మసక పట్టీ మీదికి.

మేస్త్రి ఆ చెయ్యి వైపు చూశాడు. "అక్కా, గోడ వదిలెయ్యి. ఇక జారదు."

"అలవాటైపోయిందిరా. ఆ రోజు తడిబట్టలతో రెండు చేతులూ ఖాళీ లేవు, అందుకే పడ్డాను."

"అవి గోడ టైల్స్ అక్కా. నేలకి వెయ్యకూడదు."

"తెలుసు. వేసిన నెలలోనే మీ బావ ఒక ముక్క టైల్స్ కొట్లో చూపించి కనుక్కొచ్చారు."

"తెలిసి ఇరవై రెండేళ్ళు నోరు మూసుకున్నావా? ఎందుకు చెప్పలేదు నాకు?" మేస్త్రి అరుపుకి చిన్న గది ఖంగుమంది. హాల్లో బావ లేచి నిలబడ్డాడు.

అక్క భుజాలు ముడుచుకుపోయాయి. నేల వైపు చూస్తూ మెల్లగా అంది. "ఒకసారి చెప్పానుగా. ఆర్నెల్లు నా గుమ్మం తొక్కలేదు నువ్వు. ఉన్నది ఒక్క తమ్ముడివి. గోడ పట్టుకుంటే సరిపోతుందిలే అనుకున్నాను."

మేస్త్రి కిందికి చూశాడు. అక్క కాళ్ళ కింద గరుకు నేల గట్టిగా పట్టుకునే ఉంది, అడుగు ఎక్కడా జారలేదు. అయినా ఆవిడ చెయ్యి గోడని వదల్లేదు, ఇందాకటికంటే గట్టిగా ఆనుకుంది. ఈసారి ఆవిడ పట్టుకున్నది నేలకి భయపడి కాదని, తను అరిచినందుకని ఆయనకి అర్థమైంది.