వాకిట్లో వేలాడిన సంచి

ఊరికి మొదటి సైకిలు తెచ్చింది మా చిన్నాయనే. ఆ పిచ్చితోనే, బావి నీళ్ళు తోడే పాత తోలుబానలు కోసి సైకిలు సంచులు కుట్టసాగాడు. ప్రతి సంచిలోనూ నీళ్ళు పోసి చూసేవాడు. చుక్క కారితే కుట్లన్నీ విప్పేవాడు.

కోవిల్‌పట్టి టౌనులో సంచుల అంగడి పెడతానన్న రోజు తాత అతన్ని అన్నం పంక్తిలోంచి లేపాడు.

"సేద్యగాని కొడుకు తోలు కుట్టేదా? బయట కూచో."

"ఈ తోలు నీళ్ళు తోడితేనే కదా నాయనా నీ చేతిలో ముద్ద? దాన్నీ బయట పెడ్తువా?"

నీళ్ళు నింపిన సంచిని వాకిట్లో దూలానికి తగిలించి, చిన్నాయన సైకిలెక్కి కోవిల్‌పట్టి వెళ్ళిపోయాడు. తోలు ముట్టుకోవాల్సి వస్తుందని ఎవరూ దించలేదు. దానికింద తలలు వంచుకుని నడిచాం. నేనూ నడిచాను, నా మీద నాకు ఇప్పటికీ మంటే.

సాయంత్రం దాకా ఒక్క చుక్కా కారలేదు.