నోలీన్ కొన్న రేకుల షెడ్డు

మా వీధిలో ఆడవాళ్ళు షెడ్డు కొనరు. కొనకూడదని ఎవరూ అనలేదు, అయినా కొనరు. పెరట్లో రేకుల షెడ్డంటే మగవాడిది. పెళ్ళాం వెళ్ళి రేకు మీద రెండుసార్లు తట్టి, "టీ" అని కేకేసి తిరిగొచ్చేస్తుంది. లోపలికి అడుగు పెట్టదు. మా క్లెమ్ ఉన్నన్నాళ్ళూ నేనూ అంతే. ఆయన పోయాక షెడ్డు ఖాళీ చేస్తే పదకొండు సీసాల తుప్పు మేకులు, మోగని రేడియోలు మూడు బయటపడ్డాయి. వాటితో ఆయన అన్నేళ్ళు ఏం చేశాడో నాకు ఈనాటికీ తెలీదు.

అందుకే ఆ బుధవారం లారీ వచ్చి పక్కింటి ముందు రెండు పొడుగాటి అట్టపెట్టెలు దించుతుంటే, గులాబీలకి నీళ్ళు పెట్టే వంకతో నేను బయటికొచ్చాను. మా దేశంలో మార్చికల్లా వేసవి పోవాలి, అయినా మా ఊరు హార్షమ్‌లో ఎండ ఇంకా తగ్గలేదు, ఈగలు కళ్ళలో దూరుతున్నాయి. పక్కింటి మెర్వ్ పాస్కో లాగు ఎగలాక్కుంటూ లారీ దగ్గరికి వెళ్ళాడు.

"ఏంటయ్యా ఇది?"

"విడిభాగాల షెడ్డు. బిగించుకోవాలి."

"నాకు షెడ్డుంది కదా. ఇల్లు పొరపాటు పడ్డావు."

లారీవాడు కాగితం చూశాడు. "నోలీన్ పాస్కో. ఎవరు?"

మెర్వ్ ఇంటి వైపు తిరిగి చూశాడు. ఆయన పెళ్ళాం నోలీన్ చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చి సంతకం పెట్టి, "వెనక పెరట్లో పెట్టు నాయనా, నిమ్మచెట్టు దగ్గర" అంది. నిమ్మచెట్టు పక్కన పాత కోళ్ళగూడు తీసేశాక మిగిలిన సిమెంటు గచ్చు ఉంది. అంటే అన్నీ ఆలోచించుకునే కొందన్నమాట.

ఇక వీధికి నిద్ర లేదు. కుండలు చేస్తుందన్నారు కొందరు. ఎదురింటి బాసిల్ అయితే మొగుణ్ణి వదిలేసి అందులో కాపరం పెడుతుందన్నాడు. నా సంగతి చెప్పక్కర్లేదు, పక్కింటి విషయమంటే చెవి కోసుకుంటాను. కంచె మీద గడ్డం ఆనించి అడిగేశాను.

"నీకు షెడ్డెందుకే?"

"చూద్దామని."

"ఏం చూద్దామని?"

"అది తెలిస్తే కొనేదాన్నా?" అని పెట్టెల మీద గుడ్డ కప్పి లోపలికి వెళ్ళిపోయింది.

శనివారం నోలీన్ పక్కూరు డింబూలాకి బౌల్స్ పందేనికి, పచ్చిక మీద బంతులు దొర్లించే ఆటకి, వెళ్ళింది. తెల్లబట్టల బృందం ఎక్కిన కారు వీధి మలుపు తిరిగిందో లేదో, మెర్వ్ పెరట్లో మగజాతి మొత్తం చేరింది. ఆవిడ వచ్చేసరికి షెడ్డు నిలబెట్టి ఆశ్చర్యపరచాలని మెర్వ్ ఆలోచన. పొయ్యి మీద సాసేజీలు, ఐసుపెట్టెలో బీర్లు, అరడజను మంది, అరడజను సలహాలు. పెట్టెలో ముప్పై ఎనిమిది పేజీల పుస్తకం ఒకటి వచ్చింది. దాన్ని ఎవరూ తెరవలేదు. పొయ్యి పొగ చిమ్మితే విసనకర్రగా పనికొచ్చింది, తర్వాత టొమాటో సాసు సీసా కింద పెట్టారు. షెడ్డు ఎలా బిగించాలో పుస్తకం చూసి తెలుసుకునే మగాడు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

నాలుగింటికల్లా షెడ్డు లేచింది. లేవడం లేచింది గానీ కాస్త తూలినట్టుంది. తొమ్మిది స్క్రూలు మిగిలాయి. తలుపు సగం జరిగి ఆగిపోయింది. బాసిల్ కాలితో తన్నాడు, ఇంకో అంగుళం జరిగింది.

"తలుపు వంటింటి కిటికీకి ఎదురుగా పెట్టాం, చూశావా ఐరిస్? పిలిస్తే వినబడుతుంది" అన్నాడు మెర్వ్ నాతో గర్వంగా.

నోలీన్ వచ్చింది. షెడ్డు చుట్టూ ఒకసారి తిరిగింది. అరవలేదు. సాసు సీసా పక్కకి జరిపి, పుస్తకం తీసి, అట్ట మీద ఎర్రటి మరక తుడిచింది.

"శ్రమ పడ్డారు. ఇప్పుడు విప్పేయండి."

"విప్పడమేంటి?" అన్నాడు బాసిల్, నోట్లో సాసేజీ పెట్టుకుని.

"సరే, నేనే విప్పుకుంటాలే."

మెర్వ్ ముఖం చూడలేకపోయాను. మంచికి పోతే చెడు ఎదురైందంటారే, అలా నిలబడ్డాడు పాపం.

మర్నాడు పొద్దున్నే రెండు కప్పుల టీ, ఓట్స్ బిస్కెట్లు పట్టుకుని వెళ్ళాను. నోలీన్ చేతులకి తోలు తొడుగులు వేసుకుని రేకులు ఊడదీస్తోంది. ఊడదీసిన స్క్రూలు ఒక జామ్ సీసాలో వేస్తోంది. షెడ్డు చోటు చుట్టూ గడ్డి మీద నీళ్ళ గొట్టం గుండ్రంగా పరిచింది. అది దాటి ఏ మగాడూ రాకూడదట.

"అంత కోపమెందుకే? పాపం, సాయం చేద్దామనేగా?"

"వాళ్ళు కట్టిస్తే అది వాళ్ళ షెడ్డే అవుతుంది. పైగా తలుపు వంటింటికి ఎదురుగానట! నేను లోపల కూర్చుని కూడా నా పొయ్యినే చూసుకోవాలా?"

తర్వాత టీ తాగుతూ అసలు మాట బయటపెట్టింది. గొంతు తగ్గించింది.

"నలభై మూడేళ్ళు ఐరిస్. తీరిక దొరికితే చాలు షెడ్డులోకి వెళ్ళిపోతాడు. రిటైరయ్యాక రోజూ అంతే. ఏం చేస్తున్నావు అంటే 'ఏం లేదు, ఊరికే' అంటాడు. నాలుగేసి గంటలు మనిషి ఊరికే ఎలా ఉంటాడు? నన్ను తప్పించుకోడానికే పోతాడేమోనని నా అనుమానం."

"ఆయన్నే అడగరాదూ?"

"అడిగితే 'అబ్బే' అంటాడు. ఆ 'అబ్బే' పట్టుకుని ఏం చేసుకోను? నేనే కూర్చుని చూస్తా. అందులో మనిషిని పట్టి ఉంచేదేదన్నా ఉంటే నన్నూ పట్టి ఉంచుతుంది. లేదంటే నా అనుమానమే నిజం. డెబ్భై దాటాయి నాకు. ఇది తేల్చుకోవాలి."

నవ్వుదామనుకున్నాను గానీ నవ్వు రాలేదు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. నేను మాటివ్వడం, దాన్ని నిలబెట్టుకోవడం రెండూ అరుదే.

నాలుగు రోజులు పట్టింది. నోలీన్ ఒక పేజీ చదువుతుంది, ఒక రేకు బిగిస్తుంది. ఆరో పేజీలో ఉంది కిటుకు: అడుగు చట్రాన్ని మూల నుంచి ఎదురు మూలకి రెండు వైపులా కొలవాలి, రెండు కొలతలూ సమానంగా రావాలి, లేకపోతే తలుపు జరగదు. టేపు ఆ కొస నేను పట్టుకున్నాను. రెండు సెంటీమీటర్ల తేడా. మగాళ్ళు అసలు కొలవనే లేదు.

"కాస్త పక్కకి తంతే సరిపోతుంది" అన్నాడు గొట్టం అవతల నుంచి బాసిల్.

"తన్నేవాళ్ళు అవతలే ఉండండి" అంది నోలీన్.

ఇరవై రెండో పేజీలో పైకప్పు ఎక్కించడానికి ఇద్దరు కావాలని బొమ్మ వేసి ఉంది, ఇద్దరూ మగాళ్ళే. నోలీన్ పెన్సిలు తీసి ఒకడికి నా ఉంగరాల జుట్టు గీసింది. ఇక నేను నిచ్చెన ఎక్కక తప్పలేదు. తొమ్మిది స్క్రూలు ఈసారీ మిగిలాయి. అవి మిగలాల్సినవేనని చివరి పేజీలో రాసి ఉంది.

గచ్చుకి బిగించే రోజు డ్రిల్లు కావాల్సి వచ్చింది. నోలీన్ వెళ్ళి మెర్వ్ షెడ్డు మీద రెండుసార్లు తట్టింది. తలుపు సందులోంచి డ్రిల్లు బయటికొచ్చింది.

"నేను రానా?" అన్నాడు లోపల్నుంచి.

"అక్కర్లేదు."

ఆ సాయంత్రం మెర్వ్ మా కంచె దగ్గరికొచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని తిప్పుతున్నాడు.

"ఐరిస్, నీకేమన్నా చెప్పిందా? నా నుంచి దూరంగా ఉండడానికే కొందంటావా?"

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ నలభై మూడేళ్ళు మోసిన బరువది, ఈయన వారం మోయలేకపోయాడు. కడిగేద్దామనుకున్నాను. కానీ ముసలాయన కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి, నేనేమో మాటిచ్చి ఉన్నాను.

"వెళ్ళి పడుకో మెర్వ్" అన్నాను.

గురువారం భోజనాలయ్యాక నోలీన్ వంటింటి కుర్చీ ఒకటి, మిగిలిన స్క్రూలున్న ఆ జామ్ సీసా పట్టుకుని తన షెడ్డులోకి వెళ్ళింది. తలుపు ఇప్పుడు నిమ్మచెట్టు వైపుంది, వేలితో తోస్తే జరుగుతోంది. లోపలికెళ్ళి మూసుకుంది.

నేను బట్టలు ఆరేయడానికి వెళ్ళాను. ఆరేసిన బట్టలే తీసి మళ్ళీ ఆరేశాను. గంటయింది. ఏం చేస్తోందో తెలీదు, చప్పుడు లేదు. రెండు గంటలయింది. రేకు మీద గులాబీరంగు గలా చిలకలు వాలి గోల చేసి లేచిపోయాయి. ఆ ఎండలో లోపల సొమ్మసిల్లిందేమోనని భయపడ్డాను కూడా.

నాలుగున్నరకి మెర్వ్ టీ కప్పు పట్టుకుని వచ్చాడు. గొట్టం దగ్గర ఆగాడు. జాగ్రత్తగా దాటాడు, తలుపెటుందో వెతుక్కుంటూ చుట్టూ తిరిగి వెళ్ళాడు. ఏమనుకున్నాడో, గొంతు సవరించుకుని, రేకు మీద రెండుసార్లు తట్టాడు.

"నోలీన్, టీ."

రేకుకి చెవి ఆనించాడు.

"ఇంతసేపు ఏం చేస్తున్నావు లోపల?"

"ఏం లేదు, ఊరికే" అంది నోలీన్.

అన్నాక ఆగిపోయింది. నేనూ బట్టల క్లిప్పు నోట్లో పెట్టుకుని ఆగిపోయాను. తలుపు జరిగింది. నోలీన్ గుమ్మంలో నిలబడి, జుట్టు చెదిరి, మొగుణ్ణి కొత్తగా చూస్తున్నట్టు చూసింది. ఆవిడ వెనక కుర్చీ పక్కన నేల మీద స్క్రూలు, చిన్నవి ఒక వరస, పెద్దవి ఒక వరస, తీర్చి ఉన్నాయి.

"నిజమే చెప్పావన్నమాట ఇన్నేళ్ళూ" అంది.

"ఏంటది?" అన్నాడు మెర్వ్.

నోలీన్ పకపకా నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, టీ అందుకుంది. "నీకు తర్వాత చెప్తా. ఐదింటికి వస్తాలే" అని మళ్ళీ తలుపు మూసుకుంది. మెర్వ్ అర్థం కాక తల గోక్కుంటూ, అయినా ఈలేసుకుంటూ తన షెడ్డుకి వెళ్ళిపోయాడు.

నేను బుట్ట ఎత్తుకుని ఇంట్లోకి రాబోయి అక్కడే నిలబడిపోయాను. మా క్లెమ్ కూడా 'ఏం లేదు, ఊరికే' అనే అనేవాడు. నేను ఒక్కరోజు కూడా నమ్మలేదు.