రేపల్లెలో నా భార్యా, బిడ్డా

ఆ రోజుల్లో దేశం దాటాలంటే గుండె ధైర్యం ఉంటే చాలనుకునేవాణ్ణి. తీరా చూస్తే ధైర్యం సంగతి ఎవరూ అడగలేదు, అందరూ కాగితాలే అడిగారు. తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేస్తూ (మగ నర్సా అని మీరు నోరు తెరవక్కర్లేదు, బాపట్లలో మా చుట్టాలంతా అప్పటికే తెరిచేశారు) ఏడాదిన్నర పాటు కుస్తీపట్టి జర్మన్ నేర్చుకున్నాను. జర్మనీలో ఉద్యోగం ఖాయమైంది. అక్కడ ఉండనివ్వాలంటే పుట్టానని ఒక కాగితం, చదివానని ఒకటి, జబ్బుల్లేవని ఒకటి, వాటికి అనువాదాలు, ఆ అనువాదాలు సరైనవేనని ముద్రలు కావాలన్నారు. అన్నిటికన్నా చివర పోలీసు క్లియరెన్సు. నా మీద కేసుల్లేవని, దరఖాస్తులో రాసింది నిజమేనని మన పోలీసులు విచారించి చెప్పాలి. నాకు నవ్వొచ్చింది. సండే స్కూల్లో బహుమతులు కొట్టేసిన వాడి మీద కేసేముంటుంది? దరఖాస్తులో 'అవివాహితుడు' అని రాసేసి ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. తెనాలిలో అద్దె ఇల్లు వెతికేటప్పుడు ఏ గుమ్మం ఎక్కినా ఒకటే మాట, "బ్యాచిలర్లకి ఇవ్వమండి" అని. మా వార్డులో ఒక సీనియర్ ఉండేవాడు, అడక్కపోయినా సలహాలిస్తాడని 'సలహాలన్న' అనేవాళ్లం. "పెళ్లయిందని చెప్పరా. భార్య పురిటికి పుట్టింటికెళ్లిందని చెప్పు. ఎవరొచ్చి చూస్తారు?" అన్నాడు. చెప్పాను, ఇల్లు దొరికింది. పుట్టింటికి ఊరు కావాలి కదా, రేపల్లె అన్నాను. రైలు అక్కడితో ఆగిపోతుంది కాబట్టి అబద్ధం కూడా అక్కడే ఆగుతుందనుకున్నాను కాబోలు.

ఆగలేదు. ఇంటి యజమానురాలు అరవై దాటిన ఒంటరి మనిషి. భర్త పోయారు, పిల్లల్లేరు. మామ్మగారూ అని పిలిచేవాణ్ణి. కొన్నాళ్లు ఊరుకుని, "ఏంటి బాబూ, ఇంకా కాన్పు కాలేదా? మీ ఆవిడ మోసేది మనిషినా, ఏనుగునా?" అన్నారు. ఆ కంగారులో ఆడపిల్ల పుట్టిందని చెప్పేశాను. అంతే, బాలింతకని శొంఠీ మిరియాలూ దంచి ఘాటైన కాయం చేసి డబ్బాలో పెట్టిచ్చారు. పారెయ్యడానికి మనసొప్పక మొత్తం నేనే తిన్నాను. బాలింత కాయం తిన్న మగాణ్ణి కృష్ణా డెల్టా మొత్తంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆవిడ పిల్లని చూడ్డానికి రేపల్లె బయల్దేరినప్పుడల్లా పాపకి జలుబనో, మా అత్తగారు గయ్యాళనో చెప్పి ఆపేవాణ్ణి.

ఒకరోజు వార్డులో పెద్దాయనకి బీపీ చూస్తుండగా ఫోను మోగింది. విచారణకొచ్చిన కానిస్టేబులు.

"ఏమయ్యా, పెళ్లి కాలేదని రాశావు. మీ ఓనరుగారేమో పాపకి మూడో నెలంటున్నారు. పెళ్లాం బిడ్డల్ని దాచిపెట్టి విదేశం చెక్కేద్దామనా?"

"అయ్యో, అది అబద్ధం సార్" అన్నాను. "ఏది? కాగితం మీదదా, ఆవిడ చెప్పిందా?" అన్నాడు. "నాలుగింటికి మళ్లీ వస్తా. నీకు పెళ్లి కాలేదని ఆవిడ రాతపూర్వకంగా ఇస్తే సరే, లేదంటే ఉన్నది ఉన్నట్టు రిపోర్టు పంపేస్తా." అలా పంపితే క్లియరెన్సు లేదు, వీసా లేదు, ఉద్యోగం లేదు. "బాబూ, నాకెంతుంది?" అని పెద్దాయన అడుగుతున్నాడు. ముందు నాది చూడండని అనబోయి తమాయించుకున్నాను.

ఇంటికి పరిగెత్తాను. "మామ్మగారూ, నాకు పెళ్లి కాలేదండి. ఇంటి కోసం అబద్ధం చెప్పాను" అన్నాను.

"మరి పాప?"

"పాప కూడా లేదండి."

తిడతారనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆవిడ మెల్లగా గడపమీద కూర్చుని, "లేదా?" అన్నారు. మళ్లీ, "అసలు లేనే లేదా?" అన్నారు. ఆసుపత్రిలో డాక్టరు బయటికొచ్చి పెదవి విరిచినప్పుడు వాళ్ల మనుషుల ముఖాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. పుట్టని పిల్ల పోయిందన్న కబురు ఆవిడకి చెప్పింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

నాలుగింటికి కానిస్టేబులొచ్చాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని నిదానంగా రాశారు. ఆయన పైకి చదివాడు. "ఈ అబ్బాయి పెళ్లయిందని నాతో ఎన్నడూ చెప్పలేదు. వయసు మీదపడి, వేరొకరి సంగతి పొరపాటున ఇతనిదని చెప్పాను."

పాలవాడు ఒక గరిటె ఎక్కువ పోస్తే వెనక్కి పిలిచి మరీ చెప్పే మనిషి!

"మరి పొద్దున కాయం చేసి పంపానన్నారు?" అన్నాడాయన అనుమానంగా.

"మతి ఉండట్లేదు నాయనా" అన్నారావిడ, తల తిప్పకుండా.

ఆయన వెళ్లాక, "ఎందుకలా రాశారండి?" అన్నాను.

"నువ్వు అబద్ధమాడావని నిజం రాస్తే నిన్ను వెళ్లనిస్తారా? నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యి" అని లోపలికెళ్లి తలుపేసుకున్నారు.

ఇల్లు ఖాళీ చేసి జర్మనీ వచ్చాను. ఇక్కడా కాగితాలే. ఇల్లు మారితే రెండు వారాల్లోగా నమోదు చేసుకోవాలి, ఉండే అనుమతి గడువు తీరకముందే పొడిగించుకోవాలి. దేనిలోనూ ఒక్క అక్షరం అబద్ధం రాయలేదు. నిజంగానే పెళ్లయింది (అత్తగారు చాలా సాధువు, పాపం). పోయిన ఏడాది పాప పుట్టింది. చాలా తటపటాయించి మామ్మగారికి ఫోను చేసి చెప్పాను.

"కాగితముందా?" అన్నారు.

"ఉందండి, మామ్మగారూ."

"పంపు."

జనన ధ్రువపత్రాన్ని ముద్రతో సహా ఫొటో తీసి పంపాను. జర్మన్‌లో ఉన్న దాన్ని ఎవరిచేత చదివించుకున్నారో తెలియదు గానీ, రెండు రోజుల తర్వాత ఆవిడే ఫోను చేసి పాప ఫొటో అడిగారు. నవ్వుకున్నాను. తెనాలిలో అబద్ధాలాడిన ఆ ఇరవై నాలుగేళ్లవాడి మాట కాగితం చూడకుండా నేనైనా నమ్మేవాణ్ణి కాదు.